నల్ల తెర మీద తువ్వాలు

దేవసహాయం అన్నకు ఈ లోకంలో ఏది చూసినా శాతమే. ఆళ్లగడ్డలో మా కాలేజీ కంప్యూటర్లన్నీ ఆయన చేతిలో ఉండేవి. పొద్దున రాగానే నల్ల తెర తెరిచి మూడక్షరాల కమాండు కొట్టేవాడు. సర్వర్ ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో, ఎవరి పేరు మీద ఏ పని ఎంత శాతం తింటోందో వరుసగా కనిపించేది. ఇక సాయంత్రం దాకా ఆయన చూపు అక్కడే.

ఆ అలవాటు తెర దగ్గరే ఆగితే బాగుండేది. రోజూ నంద్యాల నుంచి వచ్చే బస్సులో కండక్టర్‌తో, "నూటిరవై శాతం దాటిందప్పా, ఇంక ఎక్కించగాకు, హ్యాంగ్ అయితాది" అనేవాడు. "నువ్వు దిగి నడిచి రాప్పా, ఒక శాతం తగ్గుతాది" అనేవాడు కండక్టర్.

ఇంట్లోనూ అంతే. "జీవమ్మా, ఒకేసారి మూడు పనులు చేస్తాండావు, ఒకటి ఆపు" అన్నాడట ఒకరోజు. "సరే, నీ సంగటి ఆపుతాండా" అని జీవమ్మక్క ఆ పూట నిజంగానే ఆపేసింది.

ఇంకో చాదస్తం కూడా ఉండేది. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేసేవాడు. "సూడగాకండి, దిష్టి తగుల్తాది!"

"ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచుంటావు, నీకు దిష్టి ఏందన్నా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"నాకు లేదప్పా. మిషన్‌కు ఉంది."

స్టాఫ్ రూంలో ఆ తువ్వాలు మీద జోకులు వేసి అందరినీ నవ్వించింది నేనే. ఎంత సిగ్గుమాలినవాణ్ణో ఇప్పుడు చెప్తాను.

కాలేజీ అంతటికీ ఒకటే సర్వర్. అందరం మా మా పేర్లతో అందులోకే లాగిన్ అవ్వాలి. మా బావకు చాగలమర్రిలో ఫోటో స్టూడియో ఉంది. ఆయన తీసిన పెళ్లి వీడియోలను నేను దొంగచాటుగా కాలేజీ సర్వర్ మీద తయారుచేసేవాణ్ణి. అవి సాయంత్రం దాకా నత్తలా నడిచేవి. 'ఏం దరిద్రపు మిషనో' అని తిట్టుకునేవాణ్ణి.

హాల్ టికెట్లు ఇచ్చే రోజు వచ్చింది. నంద్యాల బస్సు దారిలో చెడిపోయి దేవసహాయం అన్న పదకొండైనా రాలేదు. నేను ఆ రోజు రెండు పెళ్లిళ్ల వీడియోలు ఒకేసారి ఎక్కించాను. సర్వర్ మొరాయించింది. వరండాలో రెండొందల మంది పిల్లలు, ఒక్క టికెట్ కూడా బయటికి రాలేదు.

"దీనికి కారణం ఎవరో తేలాలి. వాళ్లను ఈరోజే ఇంటికి పంపిస్తా" అంది ప్రిన్సిపాల్ మహాలక్ష్మి మేడం. అని నావైపు చూసింది. "ఏమైంది మనోజ్?"

నేను తడుముకోలేదు. "దేవసహాయం అన్న పొద్దస్తమానం ఆ నల్ల తెర తెరిచి పెడతాడు కదా మేడం. దాని బరువే" అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు కాలుతున్నాయి.

అంతలో ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. నల్ల తెర తెరిచాడు, చూశాడు, వెంటనే తువ్వాలు కప్పాడు.

"తువ్వాలు తియ్యండి" అంది మేడం.

"దిష్టి మేడం..."

"తియ్యండి!"

ఆయన నిదానంగా నాలుగు కీలు నొక్కి తువ్వాలు తీశాడు. తెర మీద ఒకటే పేరు: దేవసహాయం. ఎవరో ఒకరి పనులే చూపించమంటే ఆ కమాండు అలాగే చూపిస్తుంది.

"మీ పేరు తప్ప ఇంకోటి లేదే?"

"నాదే తప్పు మేడం."

ఆ నాలుగు కీలలో నా పెళ్లిళ్లు కూడా ఆగాయి. టికెట్లు గబగబా రావడం మొదలైంది. అందుకని మేడం ఆయన్ను ఇంటికి పంపలేదు, రేపటి నుంచి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేయమంది.

సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లాను. తలెత్తలేకపోయాను. "నీకు ముందే తెలుసా అన్నా?"

"ఆర్నెల్లుగా సూస్తాండా. పొద్దున నీ పెళ్లిళ్లను వరసలో ఎనక్కి నెట్తాండా, పిల్లోళ్లు పోయినాక ముందుకు తెస్తాండా. పైన నీ పేరే ఉంటాండె. ఎవరన్నా సూస్తే నీ ఉద్యోగం పోదా?"

తువ్వాలు దిష్టికి కాదు, నా పేరుకు. నేను వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"నన్ను తిట్టన్నా, నాలుగు తగిలించన్నా!"

"ఇప్పటికే నీ సిగ్గు తొంభై దాటింది. ఇంక ఎక్కిస్తే పనికిరాకుండా పోతావు. పో, పోయి నీళ్లు తాగు."

మరుసటి రోజు మేడం దగ్గర అంతా ఒప్పుకున్నాను. అరగంట చీవాట్లు పెట్టింది. నెల సెలవులు కోసింది. అన్నను వెనక్కి పిలిచి, "మనోజ్, ఇకనుంచి ఈయన పక్కన కూర్చుని ఆ తెరను నువ్వు కూడా కాపలా కాయి. సర్వర్‌ను ఎవరు సొంతానికి వాడినా నాకు చెప్పాలి!" అంది.

వారం తిరక్కుండానే, మధ్యాహ్నం రెండున్నరకు, సరిగ్గా సీరియల్ వచ్చే టైముకు, ఒక పేరు వరసలో పైకెక్కి కూర్చుంది. తొంభై ఆరు శాతం. మహాలక్ష్మి.

నేను అన్న వైపు చూశాను. తలుపు దగ్గర అటెండర్ అడుగుల చప్పుడైంది.

"అన్నా..." అన్నాను.

ఆయన అప్పటికే తువ్వాలు నా చేతిలో పెట్టాడు.