ఇన్నాసి ఉపదేశి చివరి పాదాలు

పోయినవి తొమ్మిది పాటలు. ప్రభువు సిలువ మోసిన నడకను తలుచుకుంటూ ఆగి ఆగి సాగే సిలువ మార్గంలో, ఆగే ఒక్కో స్థలానికి ఒకటి చొప్పున మా ఊళ్లో పద్నాలుగు ఉండేవి. రెండు పాటలు తెలిసిన కుటుంబాలు నల్లపాడు వెళ్లిపోయి మర్చిపోయాయి. నాలుగు పాటలు పెద్దవాళ్లతోనే పోయాయి. మూడు పాటలు పిల్లలు నేర్చుకోక పోయాయి. మిగిలినవి ఐదు.

దయ్యాలనూ ఆత్మలనూ నేనెప్పుడూ నమ్మలేదు. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్కలు సొంతంగా నేర్చుకుని మార్టూరు దగ్గర గ్రానైటు రాళ్లు కొలిచే పనిలో ఉన్నాను. పొడవు, వెడల్పు, ఎత్తు అందితేనే ఒక వస్తువు ఉన్నట్టు నాకు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అలాగే కొలిచి చూశాను.

ఇన్నాసి మా ఊరి ఉపదేశి. నేను పుట్టకముందే పోయాడు. గురువులు, అంటే ఫాదర్లు, ఎప్పుడో ఒకసారి సైకిలు మీద వచ్చే రోజుల్లో ఊరికి జపాలు నేర్పిందీ, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చున్నదీ ఆయనే. గుడికి సేవ చేసినవాళ్ల పేర్లు చెక్కిన రాతిపలక మీద మాత్రం ఆయన పేరు లేదు.

ఆ పాటలు కట్టింది ఆయనే. కాగితం మీద పెడితే గుడి బీరువాలో పడి ఉంటాయని ఇంటికొక పాట అప్పగించాడు. ఏ స్థలం పాట ఏ ఇంటిదో ఆ ఇంటి పెద్దే ఎత్తుకోవాలి. పెద్ద ఒక పాదం పాడితే అందరూ అదే పాదం తిరిగి పాడాలి. చివరి పాదం మాత్రం పెద్ద ఒక్కరే పాడాలి. మిగతావాళ్లు మోకాళ్ల మీద మౌనంగా ఉండాలి.

ఉపదేశి కూతురు శౌరమ్మ నాకు వరసకు మేనత్త. ఎనభై దాటింది. ఆఖరి స్థలం పాట వాళ్లింటిదే. పాట లేని చోట్ల ఊరికే నిలబడుతున్నాం కనుక వచ్చే ఏడు నుంచి అచ్చు పుస్తకంలోవి పాడదామని కొత్త ఫాదర్ గారు అన్నారు. అది విని అత్త నన్ను పిలిపించింది.

"ఏరా జోజీ, లెక్కలోడివి గదా. ఎన్ని పోయినయ్?"

"తొమ్మిదత్తా."

"ఉన్నయ్యన్నా నీ ఫోన్లో పట్టుకోరా. పద్నాలుగూ ఇంకొక్కసారి వినాలనుంది గానీ, నాకా రాత లేదులే."

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో చివరి శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. దారి మిరప కళ్లాల మధ్య నుంచి. ఆరబోసిన కాయల ఘాటుకు అందరికీ దగ్గే. మా వీధి కుర్రాడు చిన్నప్ప సిలువ పట్టుకుని ముందు నడిచాడు. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. నేను ఫోను పట్టుకుని ఆమె పక్కనే ఉన్నాను. వినుకొండ వైపు నుంచి కాయలేరడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా కలిశారు. వాళ్లది వేరే సంఘం, మా పాటలు ఎప్పుడూ విన్నవాళ్లు కారు.

మొదటి రెండు స్థలాల పాటలు ఉన్నవే. మూడోది లేదు. ఊరికే నిలబడ్డాం.

అప్పుడు ముందు నుంచి ఒక మగ గొంతు ఎత్తుకుంది. "పొలిమేర దాటకముందే పొర్లి పడితివా స్వామీ." చిన్నప్ప ఎక్కడో నేర్చుకుని వచ్చాడనుకున్నాను. అందరం తిరిగి పాడాం. పాట చివరికి రాగానే మోకాళ్ల మీద పడ్డాం. ఆ గొంతు ఒక్కటే చివరి పాదం పాడింది.

నాలుగోది ఉన్న పాటే. ఐదో స్థలంలో మళ్లీ ఆ గొంతే. ఆరో స్థలంలో వెరోనిక అనే ఆమె పత్తి చేను నుంచి వచ్చి కొంగుతో ప్రభువు మొహం తుడిచినట్టు ఉంది పాట. అక్కడ నాకు అనుమానం తగిలింది. ఇంత ఘాటులో ఆ గొంతు ఒక్కసారీ దగ్గలేదు. తల పైకెత్తి చూశాను. చిన్నప్ప వెనక్కి తిరిగి నావైపే చూస్తున్నాడు. పెదవులు కదలడం లేదు. అయినా పాట ఆగలేదు, మేము తిరిగి పాడటమూ ఆపలేదు. ఆపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

పద్నాలుగో స్థలంలో అత్త తన పాట తనే ఎత్తుకుంది.

తర్వాత చిన్నప్పను అడిగాను. "నువ్వే పాడుతున్నావనుకున్నానన్నా. గొంతు నా వెనకనుంచి వచ్చింది," అన్నాడు. వినుకొండ ఆడవాళ్లు మైకులోంచి అనుకున్నారు. మేము మైకు తీసుకెళ్లలేదు.

ఇంటికొచ్చి ఫోను విన్నాను. ఉన్న ఐదు పాటల్లో ఎత్తుకున్నవాళ్ల గొంతులు స్పష్టంగా ఉన్నాయి. పోయిన తొమ్మిదింటిలో మేము తిరిగి పాడినది మాత్రమే ఉంది. ఆ గొంతు ఉండాల్సిన చోట దగ్గులు, మిరపకాయల మీద కప్పే పట్టాలు గాలికి కొట్టుకునే చప్పుడు. ఆ ఖాళీలను కొలిచాను. తర్వాత మేము పాడిన పాదం ఎంతసేపో, ఖాళీ అంతసేపే ఉంది.

విననిది ఎవరూ తిరిగి పాడలేరు. అందరం పొరబడ్డామనుకున్నా, అందరి నోటా ఒకే మాట ఎలా వచ్చింది? పైగా పరాయి ఊరివాళ్ల నోట?

అత్త భయపడలేదు. "మా నాయన ఇయ్యాల తొందరపడ్డాడురా. ఆడోళ్లు ఎండలో ఉన్నారని కామోసు," అంది. చివరి పాదాలు గుర్తున్నాయా అని అడిగితే నవ్వింది. "నువ్వు విన్లేదా? అప్పుడు గూడా ఏదో లెక్కేసుకుంటున్నావా?"

విన్నాను. అందరం విన్నాం. తిరిగి పాడకపోవడం వల్లనో ఏమో, ఒక్క మాటా ఎవరికీ నిలవలేదు. మరుసటి రోజు మళ్లీ అడిగితే అత్త ప్రయత్నించి, తనకూ రావడం లేదంది. ఆ వానాకాలంలో అత్త పోయింది.

ఫోను విని, చివరి పాదాలు తప్ప, తొమ్మిది పాటలూ రాశాను. అచ్చు పుస్తకం మాట ఫాదర్ గారు మళ్లీ ఎత్తలేదు. ఈ ఏడు మా పాటలే పాడాం. ఆ తొమ్మిది చోట్ల చివర మోకాళ్ల మీద ఉండి, ఒక పాదం పట్టేంతసేపు ఆగి లేచాం. ఏమీ వినపడలేదు. ఆ రోజు పాడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. లెక్క ప్రకారం తొమ్మిది పాదాలు ఇంకా రావాలి.