తాత గొంతున్న ప్లేయర్

ప్రిసిల్లాకు కోపం వస్తే సీతాఫల్‌మండిలో వాళ్లున్న మేడ మొత్తానికీ తెలుస్తుంది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ఒక జూనియర్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటుంది. అక్కడ గాజు సామాను పగిలితే ఊరుకుంటుంది గానీ, కడగకుండానే కడిగామని చెప్పే విద్యార్థిని మాత్రం వదలదు. కూతురు బ్యూలా పుట్టాక ఆ కోపానికి భయం తోడైంది. పాల వేడిని థర్మామీటరు పెట్టి చూస్తుంది. పాప ముట్టుకునే ప్రతి వస్తువు మీదా పొద్దునా సాయంత్రం శానిటైజర్ చిమ్ముతుంది.

బ్యూలాకు మూడేళ్లు నిండవచ్చినా నాలుగైదు మాటలు మించి రాలేదు. కొత్తగా వస్తున్నవి అరచేతిలో పట్టే ఒక పాత మ్యూజిక్ ప్లేయర్ వల్లే వస్తున్నాయి. ప్రిసిల్లా తండ్రి జకర్యా రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. పోయిన ఏడాది చనిపోయేముందు మనవరాలి కోసం అందులో తన గొంతు రికార్డు చేశాడు. "సికింద్రాబాద్ దాటినం. ఇప్పుడు వచ్చేదేంది బ్యూలమ్మా?" అని అడిగి, కాసేపు ఆగి, "సీతాఫల్‌మండి" అంటాడు. ఒక్కో స్టేషనుకూ అలాగే ఆగుతాడు. ఈ నెలలోనే పాప ఆ ఖాళీలో మాట వేయడం మొదలుపెట్టింది. ఆర్ట్స్ కాలేజీ స్టేషను దగ్గర "ఆట్సు కాలేజీ" అని మొదటిసారి అన్న రోజు ప్రిసిల్లా వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

శనివారం పొద్దున ఆ ప్లేయర్ వెలగలేదు.

ఆమె ల్యాబ్‌లో లాగే వరసగా చూసింది. వేరే కేబుల్ పెట్టింది. వేరే చార్జర్ పెట్టింది. పవర్ బటన్ పావు నిమిషం నొక్కి పట్టుకుంది. వెనకున్న సన్నని రంధ్రంలో పిన్నుతో రీసెట్ నొక్కింది. దేనికీ చలనం లేదు. అప్పుడు వేలికి జిడ్డు తగిలింది. తిప్పి చూస్తే వెనక వైపు బొటనవేలితో గీసిన నూనె సిలువ.

"ఇదెవరు రాసిండ్రు?"

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు పుష్పమ్మ తలెత్తింది. "నేనే. మొన్న ఉపవాస ప్రార్థనకు నూనె సీసా తీస్కపోతే చర్చిల అయ్యగారు ప్రార్థన చేసిచ్చిండ్రు. పాప నుదుటికి రాసిన, దిండుకు రాసిన, దానికి సుత జెర రాసిన. మాటలు దాంట్లకెళ్లే వస్తున్నయి గదా."

"కరెంటు వస్తువుకు నూనె రాస్తరా అత్తమ్మా?"

"తలుపుకు రాస్తే తలుపు పాడైందా?"

"తలుపుకు చార్జింగ్ పెడ్తమా?"

భర్త హెన్రీకి నవ్వొచ్చింది. ప్రిసిల్లా ముఖం చూసి మింగేశాడు.

"మా నాన్న గొంతు ఇంకెక్కడా లేదు," అంది ఆమె. "ప్రార్థన ప్రార్థన అనుకుంట నా బిడ్డ నోటి మాటలు మీరే తీసేసిండ్రు."

పుష్పమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ప్రిసిల్లా ఆటో ఎక్కి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి సందులో రిపేరు కొట్టుకు వెళ్లింది. కొట్టు నడిపే ముసలాయన హరికిషన్ ప్లేయర్ విప్పుతుంటే, అత్తగారి నూనె సంగతి దారి పొడవునా కూర్చుకున్న మాటల్లో చెప్పింది. అంతా విని ఆయన భూతద్దం ఆమె చేతికిచ్చాడు.

"నూనె బయటి డబ్బ మీదనే ఉందమ్మా. లోపటికి చుక్క సుత పోలే. గీడ చూడు."

చార్జింగ్ పెట్టే చోట పచ్చటి చిలుము పేరుకుంది. అక్కడి పిన్ను ఒకటి తినేసినట్టు ఊడిపోయింది.

"తడి మీద చార్జింగ్ పెట్టిన్రు. ఒక్కపారి గాదు, రోజూ. ఏం కొడ్తరు దీని మీద?"

పొద్దునా సాయంత్రం తను చిమ్మే శానిటైజర్ ప్రిసిల్లాకు గుర్తొచ్చింది. రాగి, తడి, కరెంటు. ఎనిమిదేళ్లుగా పిల్లలకు గాజు గిన్నెలో చేసి చూపిస్తున్న ప్రయోగమే ఇది.

"లోపలున్నది ఉంటదా అన్నా?"

"వెలిగినంక తెలుస్తది. పరేషాన్ గాకు."

ఆయన చిలుము గీకి కొత్త సాకెట్ అతికిస్తుంటే ఆమె పళ్లు కొరుక్కుంటూ నిలబడింది. ల్యాబ్ రికార్డులన్నిటికీ రెండేసి కాపీలు ఉంచే మనిషి, దీన్ని మాత్రం ఈ ఆదివారం ఫోనులోకి ఎక్కిస్తా, వచ్చే ఆదివారం ఎక్కిస్తా అంటూ ఏడాది గడిపింది. చేతిలో భూతద్దం లేకపోతే తన చెంప తనే వాయించుకునేది.

అరగంటకు తెర వెలిగింది. "సికింద్రాబాద్ దాటినం. ఇప్పుడు వచ్చేదేంది బ్యూలమ్మా?"

"సీతాఫల్‌మండి," అన్నాడు హరికిషన్ స్క్రూలు బిగిస్తూ.

ప్రిసిల్లా కొట్టులోని కంప్యూటర్ మీదే ఆ రికార్డింగును తన ఫోనులోకి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, రెండూ విని చూసుకున్నాకే కదిలింది.

ఇంట్లో పుష్పమ్మ అన్నం ముట్టలేదు. పాపను ఒళ్లో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది.

"నూనె కాదు అత్తమ్మా. నా స్ప్రే," అంది ప్రిసిల్లా. ఆ మాట కూడా విసురుగానే వచ్చింది.

"ఏందీ?"

"స్ప్రే. నేనే పాడు చేసిన," అని నసిగింది.

"గిట్ల గొణిగితే నడ్వదు. పొద్దున నువ్వు ఒర్రింది పక్కింటి ఊర్మిళకు ఇనబడ్డది. గిది సుత ఇనబడాలె."

ప్రిసిల్లా హెన్రీ వైపు చూసింది. హెన్రీ ఫోనులోంచి తల ఎత్తలేదు. ఆమె వాకిట్లోకి వెళ్లి, పొద్దునంత గట్టిగా, "మా అత్తమ్మ నూనె తోని గాదు, నా శానిటైజర్ తోని పాడైంది," అని అరిచింది. పక్కింటి కిటికీ తెర కదిలింది.

పుష్పమ్మ లేచి శానిటైజర్ సీసాను బీరువా మీద, నూనె సీసా పక్కన పెట్టింది. "ఇగ ఎవరు ఏది తీసినా రెండో మనిషిని అడిగి తియ్యాలె. అన్నం పెట్టు. ఆకలైతుంది."