ఇరవై నిమిషాల నీళ్లు

2003 వేసవి. వనపర్తిలో ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోంలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరి ఎనిమిది నెలలైంది. కర్నూలులో డిప్లొమా చేసి నేరుగా అక్కడికి వచ్చాను. ఎక్స్‌రే గది, దాని పక్కనే తలుపు వేస్తే చీకటయ్యే డార్క్‌రూమ్, రెండూ నా బాధ్యతే. డార్క్‌రూమ్ గోడకు నా చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉండేది.

1. డెవలపర్: ఐదు నిమిషాలు. బొమ్మను పైకి తేల్చే మందు.
2. నీళ్లలో ముంచి తీయడం: అర నిమిషం.
3. ఫిక్సర్: పది నిమిషాలు. తేలిన బొమ్మను నిలిపే మందు. మేము దీన్ని హైపో అంటాం.
4. పారే నీళ్లలో కడగడం: ఇరవై నిమిషాలు.
5. ఆరబెట్టడం.

మొదటి మూడూ గడియారం చూసి చేసేవాణ్ణి. నాలుగోది రాసుకున్నానంతే. ఆ వేసవిలో నీళ్ల ట్యాంకరు రెండు రోజులకు ఒకసారి వచ్చేది. వచ్చిన నీళ్లు మొదట ఆపరేషన్ గదికి, తర్వాత వార్డుకు, మిగిలితే నాకు. ఒకే తొట్టి నీళ్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫిల్ములన్నీ ముంచి, ఐదు నిమిషాలకే తీసి తీగకు తగిలించేవాణ్ణి. హైపో పూర్తిగా కడిగిపోకపోతే ఫిల్ము కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరుగుతుందని చదువుకున్నాను. కానీ రోగం తగ్గాక ఫిల్మును ఎవరు చూస్తారు? డాక్టరు ఒకసారి వెలుతురుకు పెట్టి చూస్తాడు, మందు రాస్తాడు, ఫిల్ము అటక ఎక్కుతుంది. రోజుకు పది పన్నెండు ఫిల్ములు తీసి అలసిపోయినవాడికి ఈ లెక్క సరిగ్గానే కనిపించింది.

ఆ రోజుల్లోనే ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఒక పల్లె నుంచి ఈదమ్మ వచ్చింది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. కోడలు నర్సమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మూడు నెలలుగా దగ్గు ఉందని, టీబీ ఏమో తేల్చాలని డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాశాడు.

ఛాతీ ఎక్స్‌రేకు ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. లోహం కిరణాలను ఆపేస్తుంది, ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. మా వైపు ఆడవాళ్ల దగ్గర అడగాల్సినవి నాకు కంఠస్థం: పుస్తెలతాడు, తాయెత్తు, జాకెట్ హుక్కులు, అన్నిటికంటే ముఖ్యంగా పిన్నీసులు. ఎక్కడెక్కడో గుచ్చుకుని మరిచిపోతారు.

“అవ్వా, మెడల ఉన్నయన్ని తీసినవా?”

“తీసిన.”

“పిన్నీసులు?”

“కోడలి చేతికిచ్చిన. ఇంకేం తియ్యాలె బిడ్డా, తోలు తియ్యాల్నా?”

నర్సమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఫిల్ము తీశాను. డెవలపర్‌లోంచి పైకి లేపి ఎర్రలైటుకు పట్టి చూస్తే కుడి రెక్క ఎముక దగ్గర ఐదు తెల్లటి చుక్కలు. మా వృత్తిలో ఇలాంటివాటికి ఆర్టిఫాక్ట్ అని పేరు. అంటే ఒంట్లో లేనిది, ఫిల్ము మీద మాత్రమే ఉన్నది. దానికి నాకు తెలిసిన కారణాలు రెండే: ఫిల్మును పెట్టే క్యాసెట్‌లో దుమ్ము, లేదా తీయని పిన్నీసు. క్యాసెట్ మార్చి మళ్లీ తీశాను. చుక్కలు అక్కడే ఉన్నాయి. దుమ్ము కాదు. ఇక మిగిలింది ఒక్కటే. హైపోలోంచి తీసిన తడి ఫిల్ముతోనే బయటికి వచ్చాను.

“చెప్తే ఇనవేంది అవ్వా? రెండు ఫిల్ములు కరాబ్ అయినయి. ఎనక ఏం పెట్టుకున్నవు?”

ఆమె కోపం తెచ్చుకోలేదు. తడి ఫిల్ము వైపు చూసి, “ఎన్నున్నయి?” అంది.

“ఏవి?”

“గా సుక్కలు.”

“ఐదు.”

“ఐదా? నేను నాలుగే అనుకుంటి. ఒకటి తడిమితే దొరకది.” ఎడమ చెయ్యి కుడి భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి వేళ్లతో వెతుక్కుంది. “పిన్నీసులు గావు బిడ్డా. తుపాకి గుండ్లు.”

నర్సమ్మ నవ్వు ఆగిపోయింది. “అత్తా! ఎద్దు పొడిసిందంటివి గద!”

“అన్న. నీ మామకు గూడ గదే చెప్పిన. గుండ్లు తగిలిన పిల్లంటే ఎవ్వడు చేసుకుంటడు?”

ఆమె తర్వాత రోగులెవరూ లేరు. నేను స్టూలు లాగి ఇచ్చాను. ఆమె కూర్చుని, అరిగిపోయిన గొంతుతో, మధ్యమధ్య దగ్గుతూ చెప్పింది.

హైదరాబాద్ రాజ్యం ఇంకా దేశంలో కలవని రోజులు. రజాకార్ల కాలం అంటారు మా దగ్గర. ఊరి మగవాళ్లలో కొందరు ఖిల్లా గుట్టల్లో దాక్కుని కొట్లాడుతున్నారు. వాళ్లకు తిండి మోసింది ఆడవాళ్లు. గంప అడుగున జొన్నరొట్టెలు, పైన పచ్చగడ్డి. ఎవరైనా ఆపితే గడ్డికి పోయి వస్తున్నామనాలి. ఈదమ్మకు అప్పుడు పదిహేనేళ్లు, పెళ్లి కాలేదు. జతగా వెళ్లేది సాయమ్మ. ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలు.

“రోజు నేను ఎనక నడుస్తుంటి. ఆమె ముంగట. ఆ పొద్దు ఆమె కాల్ల ముల్లు ఇరిగింది. నువ్వు నడువు, నేనొస్త అన్నది. గట్ల ఆమె ఎనకబడ్డది. ఎనక నుంచి పేల్చిన్రు. ఆమె పెయి నిండ దిగినయి. ఆమెను దాటొచ్చినయి నాకు తగిలినయి.”

“నువ్వు ఎట్ల తప్పించుకున్నవు?”

“తప్పించుకునుడేంది? గంప ఉండె నెత్తి మీద. పైకి పోయిన. వాళ్లు ఉపాసమున్నరు. నెత్తురంటిన రొట్టెలు పక్కకు పెట్టి కడమయి తిన్నరు. ఆకలి మరి.”

ఈ మాట ఆమె ఎవరినీ తప్పుపడుతున్నట్టు అనలేదు. వాన పడలేదు, పంట రాలేదు అన్నట్టే అంది.

తుపాకీ గుండు తగిలి చచ్చిందంటే రజాకార్లు ఇల్లు తగలబెడతారని సాయమ్మ అత్తింటివాళ్లు పాము కరిచిందని చెప్పి పూడ్చారు. ఈదమ్మ తల్లి ఎద్దు పొడిచిందని చెప్పింది. “ఆమెకు పాము, నాకు ఎద్దు. గట్ల బతికినం,” అంది ఈదమ్మ.

అయితే ఆమె మా దగ్గరికి వచ్చిన సంవత్సరమే ఊరి బడి ముందు ఒక బండ నిలబెట్టాలని పెద్దలు అనుకున్నారు. గుట్టల్లో కొట్లాడినవాళ్ల పేర్లు దాని మీద చెక్కిస్తారు. సాయమ్మ పేరు రాయమని ఈదమ్మ అడిగింది. పాము కరిచి చచ్చినదాని పేరెందుకన్నారు. రొట్టెలు మోసినోళ్లందరి పేర్లు రాస్తే బండ సాలదన్నారు. సాయమ్మకు పిల్లల్లేరు, అడిగే మనిషి లేదు. అప్పటి సంగతి కళ్లారా చూసినవాళ్లలో బతికి ఉన్నది ఈదమ్మ ఒక్కతే.

“నాకు గూడ గుండ్లు తగిలినయని ఇప్పుడు చెప్తే ఎవడు నమ్ముతడు? యాభై ఏండ్లు ఎద్దని చెప్పింది నేనే గద.” ఆమె ఫిల్ము వైపు వేలు చూపింది. “ఇవి నా పెయిల ఉన్నయంటే తుపాకి పేలింది నిజం. తుపాకి పేలింది నిజమైతే సాయమ్మ పాము కరిసి సావలే. గంతే గద బిడ్డా?”

అంతే. నేను చదువుకున్న ఏ తర్కంతో చూసినా అందులో తప్పు దొరకలేదు.

డాక్టరు చూసి టీబీ కాదన్నాడు, పాత దగ్గుకు మందు రాశాడు. గుండ్లు ఇన్నేళ్లు ఊరికే ఉన్నాయి కాబట్టి తీయక్కర్లేదన్నాడు. ఫిల్మును కవరులో పెట్టి ఆమెకిచ్చాను. ఆ ఫిల్మును కూడా నేను తొట్టిలో ఐదు నిమిషాలే కడిగాను. ఆమె కథ విన్న తర్వాతే కడిగాను. ఇది రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

మళ్లీ వాళ్లను చూసింది 2006 మే నెలలో. ఈసారి ఈదమ్మ నడవలేకపోతోంది. నర్సమ్మ దాదాపు ఎత్తుకుని తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. చేతిలో నేనిచ్చిన కవరే ఉంది.

బండ బడి ముందు ఏ పక్కన, ఎవరి ఇంటికి ఎదురుగా పడాలన్న పంచాయితీ మూడేళ్లు నడిచిందట. ఇప్పుడు తెగింది. పేర్లు చెక్కేవాడు వచ్చి కూర్చున్నాడు. ముందే చూపిస్తే మాయం చేస్తారన్న భయంతో ఈదమ్మ ఫిల్మును బట్టల పెట్టె అడుగున దాచింది. నిన్న పెద్దల ముందు తీసింది.

“మా ఊరి పెద్దమనిషి ఎండకు పట్టి చూసిండు సారు,” అంది నర్సమ్మ. “ఏందిది, మాడిన రొట్టె లెక్క ఉన్నది అన్నడు. అందరు నవ్విన్రు.”

కవరు తెరిచాను. ఫిల్ము అంతా గోధుమరంగు, అంచుల దగ్గర మరకలు. చుక్కలు ఉన్నాయని తెలిసినవాడికి రెండు కనిపిస్తాయి. తెలియనివాడికి ఒక్కటీ కనిపించదు.

“మీ మిషన్ మంచిది గాదా సారు?” అని నర్సమ్మ అడిగింది.

“మిషన్ మంచిదే. తప్పు నాది. సరిగ్గ కడగలే.”

ఈదమ్మ కళ్లు మూసుకునే ఉంది. “గుండ్లు యాడికి పోలే గద,” అంది. “మల్ల తియ్యి. రేపు పొద్దుగాల్ల బండ మీద ఆఖరు వరుస కొడతరు.”

గుండ్లు ఎక్కడికీ పోలేదు. పోయింది నా కాగితం మీది నాలుగో అంకె. కరెంటు లేదు, వచ్చేదాకా రెండు గంటలు ఆగాం. ఆమెను నిలబెట్టడం కష్టమైంది. నర్సమ్మ ముందు నుంచి నడుము పట్టుకుంటానంది, కానీ కిరణాలు పడతాయని నేనే లెడ్ ఏప్రాన్ వేసుకుని పట్టుకున్నాను. సీసపు పొర కుట్టిన బరువైన కవచం అది. ఏప్రాన్ బరువు కంటే ఆమె బరువు తక్కువ అనిపించింది. ఎక్స్‌పోజర్ బటన్ నొక్కడానికి మా నర్సును పిలిచాను.

ఫిల్ము బాగా వచ్చింది. ఐదు చుక్కలు. హైపోలో పది నిమిషాలు అయ్యాయి. తొట్టి చూస్తే అడుగున ఒక చెంబు నీళ్లు, అవీ పొద్దుటివి. ట్యాంకరు రాలేదు.

“పారే నీళ్లు గావాలె. ఇరవై నిమిషాలు,” అన్నాను.

“బోరింగు యాడ ఉన్నది?” అంది నర్సమ్మ.

చేతిపంపు వీధి చివర ఉంది. ఆమె వార్డులోంచి రెండు బిందెలు తీసుకుంది. నేను ఫిల్మును పట్టుకుని సన్నధారగా పోయాలి, ఆమె తేవాలి. ఒక బిందె మూడు నిమిషాలకు కూడా రాలేదు. ఎండ మాడుతోంది. నాలుగో విడత తెచ్చేసరికి ఆమె చీర మోకాళ్ల దాకా తడిసింది, మొహం కందిపోయింది.

“సాలదా సారు?”

“ఇంక ఎనిమిది నిమిషాలు.”

“మా అత్త రొట్టెలు మోసింది, నేను నీళ్లు మోస్తున్న. బండ మీద నా పేరు గూడ కొట్టమను.”

బల్ల మీద నుంచి ఈదమ్మ, “దీని నోరు సూడు. మోసుడు గొప్పనాయె,” అంది. వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వింది అప్పుడే.

ఇరవై నిమిషాలు అయ్యాక ఫిల్మును ఆరబెట్టాను. అడగకపోయినా డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించాను: కుడి రెక్క ఎముక దగ్గర ఐదు లోహపు గుండ్లు, పాతవి. సాయమ్మ పేరు కూడా రాయించమని ఈదమ్మ అడిగింది. రిపోర్టులో రోగి పేరు ఒక్కటే రాయాలని చెప్పాను. “నీ కాగితంల గూడ జాగ లేదా?” అంది. కాగితాన్నీ ఫిల్మునూ కవరులో పెట్టి ఇచ్చాను.

తర్వాత ఏమైందో చాలా కాలం తెలియలేదు. 2009లో నర్సమ్మ మణికట్టు విరిగి మా దగ్గరికే వచ్చింది. ఎక్స్‌రే తీసి పేరు రాసుకుంటూ అత్త ఎలా ఉందని అడిగాను.

“పోయిన చలికాలం పోయింది సారు. పూడ్చినం. గుండ్లతోనే.”

“బండ?”

“ఫిల్ము చూసినంక ఎవ్వరు కాదనలే. పెద్దమనిషి మాత్రం ఒక్క వరుసనే మిగిలింది, ఒక్క పేరే పడతది అన్నడు. గుండ్లు తగిలింది నీకు, నీ పేరు కొట్టిస్తం అన్నడు. మా అత్త, నేను మూడు పూటల తింటున్న, నాకెందుకు, సాయమ్మది కొట్టుమన్నది. గదే కొట్టిన్రు.”

అంటే ఊరి బండ మీద ఈదమ్మ లేదు. ఒంట్లో ఉన్న సాక్ష్యం మట్టిలోకి వెళ్లిపోయింది. ఆమె పేరుతో ఆ సంగతి చెప్పేది ఇక ఆ ఫిల్ము ఒక్కటే.

ఏళ్ల తరబడి నేను పని చేసింది డాక్టరు చూసే ఆ ఒక్క నిమిషం కోసమే. ఫిల్ము ఆ గదిలోంచి బయటికి పోయాక దానితో ఎవరికి ఏం అవసరం పడుతుందో టెక్నీషియన్‌కు తెలియదు. కాబట్టి కడగడం తగ్గించే హక్కూ అతనికి లేదు. నీళ్లు లేని రోజు ఇప్పుడు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్తాను. అత్యవసరం కానివి మర్నాటికి వాయిదా వేస్తాను. తిట్లు పడతాను.

నర్సమ్మ మంచి చేత్తో సంచిలోంచి పాత కవరు తీసింది. విరిగిన చేతితో దవాఖానకు వస్తూ కూడా దాన్ని వెంట తెచ్చుకుంది. లైటు ముందు పెట్టాను. నలుపు నలుపుగానే ఉంది. ఐదు చుక్కలూ అప్పుడే దిగినంత తెల్లగా ఉన్నాయి.

“ఇంకెన్నేండ్లుంటది సారు?”

“చానేండ్లు ఉంటది,” అన్నాను. “నువ్వే గద నీళ్లు మోసినవు.”