చేదు పోవాలంటే చేదాలి

ఆత్మకూరులో మా కోడలు కాకరకాయలు చక్రాలుగా తరిగి ఉప్పు పట్టించిందంటే చాలు, కాసేపటికల్లా పళ్లెంలో పచ్చటి పసరునీళ్లు ఊరి, ఆ వాసన వంటింట్లోంచి వసారాలో కూర్చున్న నా ముక్కుదాకా వస్తుంది. ఆ వాసనకు నాకు నోరు ఊరదు, ఒళ్లు మండుతుంది. నా చిన్ననాటి కరువు గడిచి అరవై ఏళ్లయినా మండుతుంది, మండనీ!

ఉదయగిరి కొండ కింద మా పేట. ధాత నామ సంవత్సరపు పెద్ద కరువుకు ముందు అక్కడ మాకేం తక్కువ? వానలు పడితే వాగు పొడుగునా ఎండ్రకాయల వేట, సజ్జ సంగట్లో గోంగూర పులుసు, ఎండల్లో అరుగు నీడన ఆడపిల్లలం ఆడే అచ్చనగాయలు, పక్కనే మా అవ్వ అడ్డపొగ తాగే చుట్ట కంపు. కరువొచ్చి వాగు ఎండింది, సజ్జ మాడింది. తినడానికి మిగిలింది కొండమీది చేదు గడ్డ ఒక్కటే. ఊరికే తింటే అది విషం. సన్నగా తరిగి, బుట్టలో పోసి, మూడు రోజులు పారే వాగులో ముంచిపెట్టాలి. వాగే లేదాయె! అమ్మ కుండెడు నీళ్లలో నానేసి, మూడో రోజున ఉడికించి పెట్టింది. నాలుగేళ్ల మా చెల్లి వాంతులు చేసుకొని వాలిపోయింది.

"మూడు దినాలు నాననిచ్చినానే!" అని అమ్మ తల బాదుకొంది.

అవ్వ ఆ కుండలో వేలు ముంచి నాకి, తుపుక్కున ఊసింది. "నీళ్లు గూడా గడ్డంత చేదైపోయినాయి గదే! ఇంక గడ్డలో చేదు యాడికి పోతాది? పూటపూటకీ నీళ్లు మార్చాల."

పెద్దయ్యాక మిషను బడిలో పంతులమ్మనై, గడ్డలో కంటికి కనబడనంత చిన్న గదులుంటాయనీ, వాటిచుట్టూ పలచటి పొరలుంటాయనీ, ఎక్కువున్న చోటినుంచి తక్కువున్న చోటికి ఆ పొరల్లోంచి సరుకు జారుతుందనీ, రెండు వైపులా సమానమైతే ఇక లాభం లేదనీ బల్లమీద బొమ్మ గీసి చెప్పాను. పుస్తకం రాసిన దొర ఎవరో నాకు తెలియదు. నాకు నేర్పింది మా అవ్వ.

సరే, నీళ్లేవి? ఊళ్లో నీళ్లున్న బావి ఒక్కటే, అది పెద్దకులపోళ్లది. మేము గట్టు తొక్కకూడదు. దూరంగా నిలబడితే జీతగాడు ఇంటికొక కుండ పోసేవాడు. మర్నాడు అవ్వ నన్ను వెంటబెట్టుకొని పోయి మరో కుండ అడిగింది.

"ఒకటి పోయించినాం గదే! ఇంకా దేనికి?" అన్నాడు బావి ఆసామి.

"బిడ్డ చస్తా ఉండాది, సామీ. చేదు పోవాలంటే చేదాల. మీరు చేదకపోతే నేనే చేదుకుంటా."

అన్నట్టే గట్టెక్కి తాడు పట్టుకొంది! ఆసామి బావి మైలపడిందని గోల పెట్టి, కర్ర తెమ్మన్నాడు. "కుండలు నిండినాక కొట్టుకోండి" అంటూ అవ్వ లాగుతూనే ఉంది, నేను కుండలు అందిస్తూనే ఉన్నాను. దెబ్బలు ఇద్దరికీ పడ్డాయి. కుండలు మాత్రం పగలనివ్వలేదు. సాయంత్రం బావిలో గోపంచితం చల్లి వాళ్లూ అవే నీళ్లు తాగారు. దప్పికకు మైలేమిటి? మర్నాడు అవ్వ మళ్లీ పోయింది, ఈసారి వెనక పేటంతా.

మూడు రోజులు పూటపూటకీ నీళ్లు మార్చి, ఉడికించి, ముందు తాను తిని చూసి, అప్పుడు చెల్లి నోట్లో పెట్టింది. చెల్లి ముఖం చిట్లించలేదు. "అవ్వా, ఇంకోటి ఉండాదా?" అంది. అవ్వ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడా పేట లేదు, గడ్డలు తవ్వేవాళ్లు లేరు, బావి పూడిపోయింది. పాతవన్నీ ఎందుకమ్మా తవ్వుతావంటారు మావాళ్లు. తవ్వుతాను. మా చెల్లి బతికే ఉంది, తొమ్మిదిమందికి అవ్వయింది. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరిని కూడా ఏ బావి దగ్గరా దూరంగా నిలబడనివ్వను.