చివరి సెషన్‌లో కూర్చునే మేడం

మా గైడు మేడం పోయారని మంగళవారం పొద్దున డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చూశాను. రెండు వాక్యాల సందేశం. మొదటి దాంట్లో పేరు, రెండో దాంట్లో హోదా: రిటైర్డ్ అసోసియేట్ ప్రొఫెసర్. ప్రొఫెసర్ కాకుండానే ఆవిడ ఉద్యోగం ముగిసింది. సంతాపం తెలిపేటప్పుడు కూడా ఆ తేడా ఎవరూ మరిచిపోరు.

నేను వరంగల్ నుంచి ఢిల్లీ వచ్చి, జియా సరాయ్‌లో గది తీసుకుని పీహెచ్‌డీలో చేరేనాటికి ఆవిడకు యాభై దాటాయి. ఢిల్లీ పాత కాలువల చరిత్ర మీద నా పని. మేడంది తెనాలి వైపు, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవారు. మొదటిసారి నన్ను సెమినార్‌కు తీసుకెళ్లినప్పుడు టీ దగ్గర జరిగేది చూసి బెదిరిపోయాను. ఎదుటివాళ్లు ముందు మెడలోని కార్డు చదివేవారు, ఆ తర్వాతే ముఖం చూసేవారు. కార్డు మీద చిన్న కాలేజీ పేరుంటే, మాట్లాడుతూనే మన భుజం మీదుగా ఇంకెవరినో వెతికేవారు.

"పట్టించుకోకు. వాళ్లకీ భయమే," అన్నారు మేడం, నా ప్లేటులో ఒక పకోడీ వేస్తూ.

ఆవిడ చివరి రోజు చివరి సెషన్ దాకా ఉండేవారు. పెద్దవాళ్లంతా ఫ్లైటుకు టైమైందని వెళ్లిపోయాక, ఖాళీ హాల్లో పేపరు చదివేది మాలాంటి వాళ్లే. ఎవరూ ఏమీ అడగని పేపరుకు ఆవిడ తప్పక ఒక ప్రశ్న వేసేవారు. "జవాబు నాకు తెలిసినా అడుగుతాను. ఎవరూ అడక్కపోతే ఆ పిల్ల తన పని పనికిరాదనుకుని ఇంటికెళ్తుంది," అనేవారు.

మూడో ఏడాది ఒక పెద్ద సదస్సులో నా పేపరు బాగా కుదిరింది. విదేశం నుంచి వచ్చిన పేరున్న ప్రొఫెసర్ ఒకాయన టీ సమయంలో తనంతట తానే నా దగ్గరికి వచ్చి, ఎవరి దగ్గర చేస్తున్నావని అడిగారు. నేను మా హెడ్ పేరు చెప్పాను. హెడ్ పుస్తకాలు ఆయనకు తెలుసు, మేడం పేరు తెలియదు. ఆ ఆలోచనంతా ఒక్క క్షణంలో అయిపోయింది. పక్కకు తిరిగితే రెండడుగుల దూరంలో మేడం కప్పు పట్టుకుని నిలబడి ఉన్నారు. చక్కెర పెట్టిన బల్ల వైపు నడిచారు.

ఆ సాయంత్రం మెట్రోలో పక్కపక్కనే కూర్చున్నాం. నా పేపరులో ఒక తేదీ తప్పుందని మాత్రం చెప్పారు.

మూడు వారాలు తప్పించుకు తిరిగి, చివరికి ఆవిడ గదికి వెళ్లాను.

"మేడం, ఆ రోజు..."

"విన్నాన్లే. కూర్చో."

"తప్పయింది మేడం."

"బాధేసింది. లేదని అబద్ధం చెప్పను. ఇంటికెళ్లి మా ఆయన మీద విసుక్కున్నాను కూడా. ఇంతకీ ఆ ప్రొఫెసర్ నీకేమైనా రాశాడా?"

"లేదు మేడం. కార్డిచ్చిండు. నేను రెండు మెయిళ్లు పంపిన. జవాబు రాలె."

"అచ్ఛా," అన్నారు. "అంటే నా పేరు చెప్పినా ఇదే జరిగేది. సరే, మూడో అధ్యాయం తెచ్చావా?"

తెచ్చాను. క్షమించానని ఆవిడ అనలేదు, నేను అడగనూ లేదు. తర్వాత థీసిస్ కృతజ్ఞతల పేజీలో 'ప్రఖ్యాత చరిత్రకారిణి' అని రాస్తే, 'ప్రఖ్యాత' మీద పెన్సిల్‌తో గీత పెట్టి, "ఉన్నంత వరకే రాయమ్మా," అన్నారు. చరిత్రకారిణి అన్న మాటను మాత్రం ఉంచుకున్నారు.

పోయిన డిసెంబరులో నేను పనిచేసే కాలేజీలో సదస్సు జరిగితే మేడం వచ్చారు. వక్తల్లో ఆవిడ పేరు లేదు. పెట్టించేంత స్థాయి నాకు లేదు, గట్టిగా అడగనూ లేదు. రిజిస్ట్రేషన్ దగ్గరి అమ్మాయి, ఏ సంస్థ అని రాయాలో హిందీలో అడిగింది.

"ఘర్ సే ఆయీ హూఁ, బేటా," అన్నారు మేడం మామూలుగా, ఇంటి నుంచి వచ్చానని. ఆ అమ్మాయి ఆ గడి ఖాళీగా వదిలేసింది.

భోజనాలయ్యాక లోపల పెద్దవాళ్లు ఫొటోలో మధ్యన ఎవరు నిలబడాలో తేల్చుకుంటుంటే, నేను కిటికీలోంచి బయటికి చూశాను. లాన్‌లో మేడం ఇద్దరు పరిశోధక విద్యార్థినులతో కూర్చుని, కమలాపండు తొనలు పంచుతూ వాళ్లు చెప్పేది వింటున్నారు. గోడ నీడ మెల్లగా వాళ్ల మీదికి వస్తోంది. నీడ కాళ్లను తాకినప్పుడల్లా ఆవిడ చలికి లేచి కుర్చీని ఎండలోకి లాక్కునేవారు. వాళ్లిద్దరూ మాట ఆపకుండానే తమ కుర్చీలు ఆవిడ పక్కకు లాక్కునేవారు.