పిన్నమ్మ రంగు కారలేదు

పిన్నమ్మ మొన్న సోమవారం పోయింది. కె.కోటపాడు నుంచి వచ్చి చోడవరంలో బస్సు దిగేసరికి, ఆవిడ కోడలి తమ్ముడు సోడా కొట్టు దగ్గర కనబడి చెప్పాడు. "జొరం తగ్గినాదనుకున్నామండి. పొద్దున్న లేపితే లేవలేదు. అంతా అయిపోనాది." రోడ్డు మీదే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు. అందుకని ఈ నాలుగు ముక్కలూ కటువుగా ఉంటే చదివేవారు నన్ను క్షమించనక్కరలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. పెళ్ళిళ్ళకు అరివేణి కుండల మీద రంగులు వేసే మనిషి. రావికమతం దాకా ఎవరింట్లో పెళ్ళయినా ఆవిడ చిలకలూ తీగలూ లేకుండా కుండ గుమ్మం దాటేది కాదు. మా బడిలో పంతులమ్మలందరం పిన్నమ్మ అనే పిలిచేవాళ్ళం. చదువు అయిదో తరగతి. కుడిచేతి చూపుడు వేలు ఎప్పుడూ తడిగా ఉండేది. ఎవరింట్లో తలుపుకు కొత్తగా రంగు వేసినా, మంచినీళ్ళిచ్చిన గ్లాసులో వేలు ముంచి, తలుపు మీద రుద్ది, వేలు చూసుకునేది. ఇంటివాళ్ళు మొహం ముడుచుకున్నా లెక్కలేదు.

ఆ అలవాటు వెనక ఒక పెళ్ళి ఉంది. కుండ మీది ఎరుపు తడిసి పెళ్ళికూతురి పట్టుచీరకు అంటుకుంది. మగపెళ్ళివారు నలుగురిలో పిన్నమ్మను నిలబెట్టి కడిగేశారు. ఇంటికొచ్చి ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదట. మూడో రోజు పాలు విరగ్గొట్టడం మొదలుపెట్టింది.

వెన్న పూర్తిగా తీసేసిన పాలు విరిచి, ఆ విరుగుడు కడిగి, ఎండబెట్టి, దంచి, సున్నప్పొడీ మట్టిరంగులూ కలిపేది. ఆ పొడిలో నీళ్ళు పోస్తే రంగు తయారు. ఆరిందంటే మళ్ళీ నీటికి కరగకూడదు. చెప్పడానికి ఇంతే, చెయ్యడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇల్లంతా పులుపు కంపు భరించలేక కోడలు రెండుసార్లు పుట్టింటికి పోయింది. ప్రతి రంగునూ ఒక చెక్క మీద వేసి, చూరు నీళ్ళు సరిగ్గా దాని మీద పడేలా కట్టేది. వానకాలం మొత్తం గడిచాక తడివేలితో రుద్దేది. వేలికి అంటిందా, చెక్క పొయ్యిలోకి పోయేది. అలా గెలిచినవి పదకొండు రంగులు. జేగురు, నేరేడు, చెరకుపువ్వు. మాడుగుల హల్వా అని ఒకటి, అచ్చం ఆ రంగే.

ఈ సంగతి పై ఆఫీసుకు తెలిసింది. బళ్ళలో అలంకార చిత్రలేఖనం నేర్పడానికి పంతులమ్మలను తయారు చెయ్యాలన్నారు. పద్నాలుగు మందిమి, మా బడి వరండాలో మూడు నెలలు, పిన్నమ్మ ముందు కూర్చున్నాం. ఆవిడ నేల మీద కూర్చుంటే మేం బల్లల మీద కూర్చునేవాళ్ళం. అది తప్పని మాలో ఒక్కదానికీ తోచలేదు. తీగ గీస్తుంటే నా చెయ్యి వణికేది. "సేతిని తిట్టకు గుంటా, ఊపిరట్టుకో" అనేది. గోడ మీద నా మొదటి చిలకను చూసి నేనే మురిసిపోతుంటే నీళ్ళ గ్లాసు నా ముందుకు చాపి, "ఏలు సూడు, గోడ సూడకు" అంది. వేలు ముంచి చిలక మీద రుద్దితే నా వేలు పచ్చగా అయింది. సున్నం తగ్గించి కలిపానని అప్పుడు తెలిసింది.

చివరి రోజు మా పద్నాలుగు మందికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. అప్పుడు పిన్నమ్మ లేచి, చీరకు చేతులు తుడుచుకుని అడిగింది. "నాకూ ఓటి రాసియ్యండి బాబూ. నేర్సుకున్నానని కాదు, నేర్పినానని." ఆఫీసరు నవ్వాడు. "పరీక్ష పాసవని మనిషికి సర్టిఫికెట్టు ఏమిటమ్మా?" అన్నాడు. మేం పద్నాలుగు మందిమీ కాగితాలు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాం. ఆవిడ జీవితంలో ఎవరినైనా అడిగిన కాగితం అదొక్కటే.

ఆ మరుసటేడు ఎవరో పెద్దమనిషి వస్తాడని, చుట్టుపక్కల బళ్ళ గోడలన్నిటికీ బొమ్మలు వెయ్యమన్నారు. రంగు ఆఫీసువాళ్ళే చేయించారు. చిక్కటి గేదెపాలు బిందెలకు బిందెలు తెప్పించారు. పిన్నమ్మ చూసి గుండె బాదుకుంది. "ఎన్న తియ్యండి బాబూ. ఎన్నుంటే రంగు పట్టదు. నూనె మొకానికి బొట్టెట్టినట్టే." "సర్కారు పనికి నీళ్ళపాలు వాడమంటావా?" అన్నాడు ఆఫీసరు. పాలు ఎంత చిక్కనైతే రంగు అంత గట్టిదని ఆయన లెక్క. కనీసం ఒక చెక్క చూరు కింద కట్టి చూడమంది. టైము లేదన్నారు.

పెద్దమనిషి రానేలేదు. వాన వచ్చింది. చిలకలన్నీ గోడ దిగి వరండాలోకి ప్రవహించాయి. పిల్లల చొక్కాలు పచ్చనయ్యాయి.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక కాగితం తయారైంది. రంగు చెడడానికి కారణం పద్ధతిలోనే ఉందట, ఆ పద్ధతి చెప్పింది ఫలానా ఆవిడట. ఇంటిపేరు, పేరు, భర్త పేరు, ఊరు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశారు. సర్టిఫికెట్టు మీద చోటు దొరకని పేరుకు ఇక్కడ రెండు వరుసల చోటు దొరికింది. కింద బడి తరఫున ఒకరు సంతకం పెట్టాలన్నారు. నాది టెంపరరీ ఉద్యోగం. వెన్న సంగతి నాకు తెలుసు, ఆవిడ మొత్తుకోవడం నా చెవులతో విన్నాను. సంతకం పెట్టాను.

కాగితాన్ని ఆఫీసు బోర్డుకు అంటించారు. ఆ సాయంత్రం పిన్నమ్మ మా ఇంటికి వచ్చింది.

"నా పేరు బోర్డు మీదెట్టేరంట. ఏటని రాసేరమ్మా?"

"ఏదో రాశారు పిన్నమ్మా. వాళ్ళ రాతలు తెలిసినవే కదా."

"నాకూ అయిదు వరకూ సదువొచ్చు. సూసే వచ్చేను. అడుగున నీ సంతకం గుండ్రంగా ఉంది."

కొంగుముడి విప్పి ఒక పొట్లం ఇచ్చింది. "జామాకు రంగు. వానకాలం దాటింది" అని చెప్పి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తరవాత పెళ్ళిళ్ళవాళ్ళు కూడా ఆవిడను పిలవడం మానేశారు. బోర్డు మీద పేరుపడ్డ మనిషి రంగు పెళ్ళికూతురి పక్కన ఎవరు పెడతారు?

ఆఫీసువాళ్ళ మీద నాకు కోపం. పిలవడం మానేసిన ఊళ్ళ మీద కోపం. అన్నిటికన్నా ఆ గుండ్రటి సంతకం మీద కోపం. ఆవిడ బతికుండగా చెయ్యని పని నిన్న చేశాను. వెన్న తియ్యకపోవడమే తప్పనీ, ఆ మాట ఆవిడ ముందే చెప్పిందనీ, తెలిసీ అబద్ధం కింద సంతకం పెట్టాననీ రాసి, ఆఫీసుకు పంపి, నకలు నేనే వాళ్ళ బోర్డుకు అంటించి వచ్చాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. ఆలస్యంగా వచ్చిన ధైర్యానికి ఎవరూ నన్ను మెచ్చుకోనక్కరలేదు.

మా బడి వరండా చివర, చూరు నీళ్ళు పడేచోట, ఒక చిలక ఉంది. మాకు నేర్పేటప్పుడు పిన్నమ్మ తన రంగుతో తన చేత్తో వేసింది. పక్కనున్నవన్నీ కారిపోయిన వానలో అది తడిసింది, అంతే. ఈవేళ సాయంత్రం కూడా వాన పడింది. బడి వదిలాక పిల్లలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు చూరు కింద నుంచి పోతూ, తడివేలితో ఆ చిలకను రుద్ది, ఆగి, వేలు చూసుకుని వెళ్ళారు.