బాపు మాటకు వదిలిన చోటు

మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన చనిపోయిన వారంలోనే నాకొక పని అప్పజెప్పారు. ఆదరణ కూడికలో చదవడానికి ఆయన జీవితం రాయాలి. మా చర్చిలో అదొక పద్ధతి. మనిషి పోయాక అందరూ కూడి, పాటలు పాడి, ప్రార్థన చేసి, ఆ మనిషి ఎలా బతికాడో ఇంటివాళ్లలో ఒకరు చదువుతారు. దాన్నే కార్డు మీద అచ్చు వేయించి వచ్చినవాళ్లకు తలా ఒకటి ఇస్తారు. కామారెడ్డిలో ఉద్యోగం చేస్తూ, ఇంట్లో కాస్త చదువుకున్నదాన్ని నేనే కాబట్టి ఎవరూ ఇంకో పేరు ఎత్తలేదు.

ఏం రాయాలి? బాపు మాట్లాడే మనిషి కాదు. లింగంపేట దగ్గరి మా ఊళ్లో వానాకాలమంతా కూలి పని, చెరుకు చేతికొచ్చే రోజుల్లో తాడ్వాయి వైపు పోయి బెల్లం వండడం. పెనంలో రసం మరుగుతుంటే నురగ తీస్తూ దాన్నే చూస్తూ ఉండేవాడు. సొంత బావమరిది వచ్చి నిలబడ్డా లేచేవాడు కాదు. "పాకం కాడ కూసున్నోడు ఎనుకకు సూడొద్దు" అనేవాడు. మా చిన్నప్పుడు ఆయన నోట మేం ఎక్కువగా విన్నది ఆ మాటే.

కామారెడ్డిలో కార్డులు అచ్చు వేసే ఆయన నా కాగితం ముట్టుకోనన్నాడు. "మా సైట్ల మీరే టైప్ చేయుండ్రి మేడం. మేం కొడితే తప్పులు పోతయ్, మల్ల మీరే లొల్లి పెడ్తరు." అందులో అబద్ధం లేదు. మా ఆడబిడ్డ పెళ్లికార్డు విషయంలో ఆ కొట్టు ముందు నిలబడి బజారంతా వినేలా లొల్లి పెట్టింది నేనే.

కూడికకు ముందురోజు మధ్యాహ్నం, ఊళ్లో మా ఇంటి లోపలి గదిలో తమ్ముడి ల్యాప్‌టాప్ ముందేసుకుని ఆ సైటు తెరిచాను. పుట్టిన ఊరు, పెళ్లి, పిల్లలు, ముందు అన్నీ ఎండు మాటలే వచ్చాయి. కాసేపటికి చేయి తిరిగింది. పెనం వచ్చింది, పొగ వచ్చింది, తర్వాత ఎల్లారెడ్డి బస్టాండు వచ్చింది. ఇంటర్ చదవడానికి నేను మొదటిసారి కామారెడ్డి హాస్టలుకు పోతున్న రోజు అది. నా రేకు పెట్టె బాపు భుజం మీద ఉంది. దాన్ని బస్సులో పెట్టి, దిగి, కిటికీ కిందికొచ్చి ఊచ పట్టుకున్నాడు. బస్సు కదిలింది. నాలుగడుగులు దాంతోపాటే నడుస్తూ నాతో ఒక మాట అన్నాడు.

ఇన్నేళ్లూ నాకు ఆ చెయ్యే గుర్తు. పాకం చిట్లి పడి కాలిన మచ్చలున్న చెయ్యి. ఏమన్నాడో ఎన్నడూ గుర్తు రాలేదు. ఆ మధ్యాహ్నం రాస్తూ ఉంటే, అడగకుండానే, ఆయన గొంతుతో ఆ మాట మొత్తం వచ్చేసింది. గబగబా టైప్ చేశాను. రెండు వరుసలయింది. మళ్లీ చదువుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. బాపు పోయాక నేను మనసారా ఏడ్చింది అప్పుడే.

అంతలో వాకిట్లోంచి శోకం వినపడింది. పెద్దకొడప్‌గల్ నుంచి మా మేనత్త వచ్చింది. కాలు బాగాలేక బాపును మట్టిలో పెట్టేనాడు రాలేకపోయింది, తమ్ముణ్ని కడసారి చూసుకోలేదు. శోకం పెడుతూ వచ్చిన ఆడమనిషికి ఇంటి ఆడబిడ్డ ఎదురుపోకపోతే ఎలా? పాస్టరు గారు ఏడ్వొద్దని చెప్పే పోయారు, అది ఆయన ధర్మం. నేను లేచి పరుగెత్తాను. వాకిట్లోనే ఇద్దరం మెడలు పట్టుకున్నాం. ఆమె చిన్ననాటి నుంచీ తమ్ముడి బతుకంతా ఏడ్పులో చెప్పుకుంటూ పోయింది. మధ్యలో బిడ్డను బస్సెక్కించిన సంగతి కూడా అన్నట్టు నా చెవిన పడింది. ఆ తర్వాత కాళ్లకు నీళ్లు, చాయ, మా అమ్మ పక్కన కూర్చోబెట్టడం. అమ్మను మేం అవ్వ అంటాం.

తిరిగొచ్చేసరికి తెర మీద ఒక్క ముక్క ఉంది. మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి. అయ్యాను. నేను టైప్ చేసిన డబ్బా ఖాళీగా ఉంది. వెనక్కి నొక్కాను, ముందుకు నొక్కాను, తమ్ముణ్ని పిలిచి తిట్టాను. ఆఖరికి కొట్టాయనకు ఫోన్ చేశాను.

"సేవ్ కొట్టకుంటే ఉండదు మేడం. కొద్దిసేపు ఎవలు ముట్టకపోతే అదే బందయితది."

"బందయ్యే ముందు చెప్పాలె గదా!"

"చెప్తది మేడం. మీరు సూడలేదు."

అతను చెప్పింది నిజమే కాబట్టి నాకు ఇంకా మండింది.

మళ్లీ కూర్చున్నాను. పుట్టిన ఊరు, పెళ్లి, పెనం, పొగ, అన్నీ కాస్త వెలిసిపోయి వచ్చాయి. బస్టాండు వచ్చింది, చెయ్యి వచ్చింది. మాట రాలేదు. 'మంచిగ చదువు' కాదు. 'పైలం బిడ్డ' కాదు. ఏది కాదో తెలుస్తోంది, ఏదో తెలియడం లేదు. వెతికినకొద్దీ దూరమైంది. ఎవరో ఇంట్లోకి వచ్చి బాపును రెండోసారి ఎత్తుకుపోయినట్టుంది.

అత్త దగ్గరికి పోయాను. "అత్తా, ఇందాక ఏడ్సినప్పుడు బస్సు ముచ్చట అన్నవు. బాపు నాతోని ఏమన్నడో నీకెన్నడన్న చెప్పిండా?"

అత్త నా ముఖం వంక చూసింది. "అన్ననా బిడ్డా? ఏడ్సినప్పుడు ఎన్నో అంట. యాదిపెట్టుకోని ఎవలన్న ఏడుస్తరా?"

తమ్ముడికి తొందర. కార్డులు పొద్దున్నే అందాలి. "ఏదో ఒకటి రాయి అక్కా. మంచిగ చదువుకో అన్నడని రాయి, ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది" అని వాడి మీద అరిచాను. కొట్టాయనకు మళ్లీ ఫోన్ చేసి, బస్టాండు దగ్గర రెండు వరుసల చోటు ఖాళీగా వదలమన్నాను.

"ఖాళీ ఉంటే మా తప్పనుకుంటరు మేడం."

"అనుకోనియ్" అన్నాను.

మర్నాడు ఇంటి ముందు టెంటు కింద నిలబడి చదివాను. "బస్సు కదిలింది. బాపు ఊచ పట్టుకుని నడుస్తూ నాతో ఒక మాట అన్నాడు" దాకా వచ్చి ఆగిపోయాను. ఏడుపు ఆపుకుంటున్నాననుకుని అందరూ ఓపికగా చూశారు. ఎవరో దగ్గారు. కింది వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టి చదివేశాను.

అందరూ భోజనాలకు లేచాక అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వకు చదువు రాదు. కార్డు మీద ఫోటోను కొంగుతో తుడిచి, అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ వచ్చింది. తెల్లటి చోట వేలు ఆగింది.

"గీడ ఏం లేదేంది బిడ్డా?"

"గక్కడ బాపు మాట ఉండె అవ్వా. బస్సు కాడ నాతోని అన్నది. రాసిన, పోయింది. మల్ల యాదికొస్తలేదు."

"ఎంతుండె?"

"రెండు వరుసలు."

"రెండు వరుసలా?" అవ్వ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో జాలి ఉందనుకున్నాను. కాదు, అసూయ. మళ్లీ కార్డు వైపు తిరిగి ఆ ఖాళీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా వేలితో తడిమింది.

"నాతోని ఒక్కపారి గన్ని మాటలు ఎన్నడు మాట్లాడలే" అంది.